గింజల రసం చుట్టూ ఖాళీ

లింగమూర్తి నన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. రసం ఏ డబ్బాలో తెచ్చావని అడగలేదు. మా పక్క ఊరివాడు, సూరత్ పక్కన సచిన్ అనే చోట ఒక టెస్టింగ్ ల్యాబులో ఉద్యోగం. నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. అడగాల్సింది ఎవరు?

కరోనా మొదటి ఏడు, లాక్‌డౌన్ ఎత్తేశాక కూడా సూరత్ ఉధ్నాలో నేను పనిచేసే మగ్గాల కార్ఖానా సగమే నడిచింది. సీతాఫలం గింజలు నూరి మా అమ్మ మా తలలకు పట్టించేది, పేలు చచ్చేవి. పేలను చంపేది సూక్ష్మజీవులను చంపదా అనుకున్నాను. గింజలు పొడి చేసి, మరగబెట్టి, వడగట్టి, డబ్బాలో పోసుకుని లింగమూర్తి దగ్గరికి పోయాను. వాడు గాజు పళ్లెంలో సూక్ష్మజీవులను పెంచి, నడుమ చిన్న గుంట చేసి రసం చుక్క వేశాడు. మర్నాడు చూస్తే పళ్లెమంతా తెల్లగా పేరుకుంది, గుంట చుట్టూ మాత్రం ఖాళీ.

"జర చూడన్నా. అసలు మందుకు గుడ గింత ఖాళీ రాదు. కంపెనోడు చూస్తే నిన్ను ఇడ్వడు."

ఇంట్లో చెబితే మా ఆవిడ భూదేవి నవ్వింది.

"పేల మందు అమ్మి సేఠ్‌వైతవా?"

"నువ్వు సేఠాణివైతవు గదా, నవ్వుతవేంది?"

సీజన్ దాటితే గింజలు దొరకవు. ఊళ్లో భూమి అమ్మి, లారీడు గింజలు కొని లింబాయత్‌లో ఒక గోదాములో దించాను. అప్పుడు ఒక మందుల కంపెనీవాడు మళ్లీ టెస్టు చేసి చూపించమన్నాడు. ఈసారి లింగమూర్తి ల్యాబు సీసా ఇచ్చాడు, అందులోనే రసం పట్టుకెళ్లాను. పళ్లెం నిండా తెలుపే. ఎక్కడా ఖాళీ లేదు.

వాడు పాత డబ్బా తెమ్మని, అందులో ఉత్త నీళ్లు పోసి, ఆ నీళ్ల చుక్కను ఇంకో పళ్లెంలో వేశాడు. మర్నాడు అంతే పెద్ద ఖాళీ.

"నీళ్లే చంపుతున్నయన్నా. యాడిదీ డబ్బా?"

మాస్కుల బట్టకు క్రిమిమందు పూసే మిల్లుది. మా గల్లీలో అందరం మిల్లు డబ్బాలే సబ్బుతో కడిగి నీళ్లు పట్టుకుంటాం. నేనూ మూడుసార్లు కడిగాను.

"మొదాలే ఉత్త నీళ్లు పెట్టి చూడొద్దా, లింగమూర్తీ?"

"నీ డబ్బాల ఏమున్నదో నాకేమెరుకనే?"

"అందుకే అడగాలె."

వాడు మాస్కు ముక్కు మీదికి లాక్కుని చేతులు కడుక్కోవడానికి పోయాడు.

వానకాలానికి గింజలు బూజు పట్టాయి, గోదాము ఆయన బయట పోయించాడు. ఊళ్లో నాదంటూ ఉండింది ఆ అమ్మిన భూమే. బావి కింద ఇరవై మూడు గుంటలు.