సూరమ్మ ఉన్న గోడ

మ్యూజియం హాలు పొడుగవుతూ పోతోంది, నున్నటి గచ్చు కాస్తా ఎప్పుడో ఎర్రమట్టి బాటయింది, హైమవతి చెప్పులు చేత్తో పట్టుకుని ఆ బాట ఎక్కుతోంది, ముందు పేర్రాజు మాస్టారు నడుస్తున్నారు. ఆయన పోయి ఏడాది కావస్తోందని ఆమెకు తెలుసు. తెలిసినా వింతగా లేదు, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆయన వెనక నడవడమే అలవాటు. బాటకు రెండు పక్కలా అద్దాల బీరువాలు చెట్లలా నిలబడ్డాయి. గదబ ఆడవాళ్ల ఇత్తడి కమ్మలు, కోయల కొమ్ముల తలపాగా, చెంచుల విల్లు, అన్నీ ఆయన బస్సు టాపు మీద కట్టి, కొన్నింటిని ఒళ్లో పెట్టుకుని తెచ్చినవే. ఒక్కోదాన్నీ చుట్టాల పిల్లల్ని పలకరించినట్టు పలకరిస్తూ పోతున్నారు.

ఆమె వెనకనుంచే చెబుతోంది. హాలు వెడల్పు చేస్తున్నారు, సవరల బొమ్మ ఉన్న గోడ అడ్డమొస్తోంది, తను ఊ అంటే మధ్యాహ్నానికల్లా కూల్చేస్తారు. ఆయన విన్నారో లేదో, చటుక్కున కింద కూర్చున్నారు, కూర్చున్న చోటే ఆ గోడ ఉంది. ఎర్రటి గోడ మీద బియ్యప్పిండితో వేసిన సూర్యుడు, ఏనుగు, చేతులు కలిపి ఆడే మనుషులు మెల్లగా కదులుతున్నారు. ఓ మూల ఒక ముసలామె కూర్చుని ఉంది, చేతిలో ఏదో ఉంది. కల్లు ముంత అని కింద అట్టముక్క మీద ఆయన చేతిరాతే.

"అది ముంత కాదు హైమా. మా యమ్మ కాఫీ గ్లాసు."

నవ్వుతూనే చెబుతున్నారు. బొమ్మ వెయ్యమని సవర తోటయ్యను సీతంపేట అవతల కొండ మీంచి తీసుకొస్తే, అతను పిండి కలుపుకుని పొద్దంతా గోడ ముందు ఊరికే కూర్చున్నాడట. వాళ్లకది అలంకారం కాదు, చనిపోయినవాళ్లు వచ్చి ఉండడానికి కట్టే ఇల్లు. ఎవరికోసమో తెలియకుండా ఇల్లెలా కట్టేది? అప్పుడు పేర్రాజు, ఆ ఏడే పోయిన తన తల్లి సూరమ్మ పేరు చెప్పారు. ఆవిడకేం ఇష్టమని తోటయ్య అడిగాడు.

"కాఫీ గ్లాసని రాస్తే నా ఉద్యోగం ఉంచుతారేటి?"

రోజూ పొద్దున్నే తన కాఫీని ఆ గోడ మొదట్లో పెట్టి, చల్లారాకే ఎందుకు తాగేవారో ఆమెకిప్పుడు అర్థమవుతోంది. మాస్టారు వేడి ఓర్వలేరని ఆఫీసంతా ఆటపట్టించేది.

"అనుకోనీ అని ఊరుకున్నాను. నేను రిటైరయిన కాడ్నించి ముసల్దానికి కాఫీ లేదు. నీకు చెబుదామనుకుంటూనే పోయాను."

"మరి గోడ కూల్చమంటారా, వద్దంటారా?" ఉద్యోగంలో చేరిన కొత్తల్లోలాగే అడుగుతోంది. ఆయన ఒక్క మాట చెబితే చాలు, ఆ మాట తనదే అనుకుని బతికేస్తుంది.

"గోడదేటుందమ్మా. పొగపట్టి బొమ్మ పాడైతే వాళ్లూ అలికేసి మళ్లీ వేస్తారు. కానీ లోపలున్న మనిషికి చెప్పి అలుకుతారు. నన్నడుగుతావేటి? ఇక్కడుండేది నువ్వు."

పంచె దులుపుకుని లేచి గోడకేసి నడుస్తున్నారు. "కొంచెం జరగవే అమ్మా," అంటున్నారు. బొమ్మలో ముసలామె పక్కకు జరుగుతోంది.

"మేడమ్, మేడమ్."

హాల్లో అటెండరు కుర్చీలోనే ఆమె కునుకు తీసింది. గుమ్మంలో కాంట్రాక్టరు, అతని వెనక గునపాలు పట్టుకుని ఇద్దరు మనుషులు.

"ఇవాళ గోడ ముట్టుకోవద్దండి," అంది హైమవతి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "సీతంపేట అవతల కొండ మీద తోటయ్య అని ఉన్నాడు. అతను వచ్చి, చెప్పాల్సినవాళ్లకి చెప్పాక చూద్దాం."

కాంట్రాక్టరు గొణుక్కుంటూ బయటికి నడిచాడు. అటెండరు అప్పలస్వామి వంగి గోడ మొదట్లోంచి ఏదో తీయబోయాడు. హైమవతికని తెచ్చిన కాఫీ. నిద్రపోతోంది కదా, కాలు తగిలి ఒలుకుతుందని అక్కడ పెట్టాడట.

"చల్లారిపోయింది మేడమ్. పారబోసి వేరేది తేనా?"

ముసలామె బొమ్మకు సరిగ్గా కిందే ఉంది గ్లాసు.

"నాకు వేరేది తే. దాన్నక్కడే ఉండనీ."