భోజనాల గది తలుపు

కంఠేశ్వర్‌లోని ఆసుపత్రి తలుపులకు కార్డు తాళాలు బిగించి, ఏ కార్డుకు ఏ తలుపు తెరుచుకోవాలో కంప్యూటరులో నిర్ణయించినవాడు శాంతి కుమార్. ఆయాలకు భోజనాల గది వద్దని మేనేజరు చెబితే, మారుమాటాడక ఆ తలుపు వాళ్ల కార్డులకు తెరుచుకోకుండా చేశాడు.

మధ్యాహ్నం శాంతి అటుగా వచ్చేసరికి ఆ గది ముందు, అతని చర్చిలోనే పాడే ఆయా రూతమ్మ టిఫిను డబ్బాతో నిలబడి కార్డు ఆనిస్తోంది. ప్రతిసారీ ఎర్రదీపమే.

"నీ పిలగాని తలుపు నిన్నే గుర్తువడ్తలేదు," తోటి ఆయా నవ్వింది.

"మా శాంతి పనిల తప్పుండదే. నా కార్డే కరాబైంది. సూడు బిడ్డా."

శాంతి ఆమె కార్డు అందుకున్నాడు. "అవునవ్వా, కార్డే," అన్నాడు. దాన్ని చొక్కాకు తుడిచినట్టు నటించి, చాటుగా తన కార్డు ఆనించాడు. తలుపు తెరుచుకుంది.

"సెప్పలేదా?" అంది రూతమ్మ తోటి ఆయాతో. "రా బిడ్డా, నా డబ్బల రెండు ముద్దలు తిందువు."

గడప దాటడానికి అతనికి కాళ్లు రాలేదు.