ముందు సీటు

కత్తెరకి రెండు చుక్కల నూనె వేసి, గాలిలో నాలుగుసార్లు ఆడించి, మెత్తటి గుడ్డతో తుడిచాడు. మహమ్మారి వల్ల తన సెలూన్ మూతపడి డెబ్బై రోజులైనా పొద్దున్నే ఈ పని మానలేదు. వీధిలో కనబడే కొద్దిమందీ మూతికి గుడ్డ కట్టుకుని, చెవుల మీదికి జుట్టు పెంచుకుని దొంగల్లా తిరుగుతుంటే అతని ప్రాణం ఉసూరుమనేది.

"ఆ కత్తెర సంచిలో పెట్టండి," అంది భార్య, భోజనం డబ్బా మూత బిగిస్తూ.

"పడవెక్కడానికి కత్తెరెందుకే?"

"పెట్టండీ, చెబుతాను."

పెళ్ళయిన ముప్పై ఒక్క ఏళ్ళలో ఎక్కడికైనా తీసుకెళ్ళమని అడగని మనిషి. ఇప్పుడు లోకమంతా తలుపులు బిగించుకున్నాక, కయాక్ అనే ఇద్దరు కూర్చునే తెడ్ల పడవెక్కి ఏటి అవతలి ఇసుకతీరానికి వెళ్దామంది. ఆంక్షలు సడలించి, పడవలు తిప్పుకోనిచ్చి వారమే అయింది. పిచ్చి గానీ పట్టలేదు కదా అనుకున్నాడు, పైకి మాత్రం సరేనన్నాడు.

పడవలాయన గడ్డం కింద మాస్కు వేలాడేసుకుని దూరం నుంచే అడిగాడు. "ఇద్దరిదీ ఒకే ఇల్లేనా? ఒకే ఇంటివాళ్ళయితేనే ఒక పడవిస్తాం."

"ఒకే ఇల్లు, ఒకే వంటగది, ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకే గొడవ," అన్నాడతను.

పడవలాయన నవ్వి, మేకులకి వేలాడుతున్న నారింజరంగు లైఫ్ జాకెట్లలోంచి రెండు తీశాడు. ఆమెకి ఏడో నంబరు వచ్చింది. దాని ఛాతీ దగ్గర చిన్న జిప్పు జేబు ఉంది. బరువైనవాళ్ళు వెనక కూర్చోవాలన్నాడు. అతనేమో పుల్ల, ఆమె దిట్టమైన మనిషి.

"నేను ముందే కూర్చుంటా," అంది ఆమె. ఎంత చెప్పినా వినలేదు. పడవ ముక్కు నీళ్ళలో దిగబడుతుందేమోనని అతను అంచులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. దిగబడలేదు. ఎప్పుడింత చిక్కిపోయిందో అతను గమనించలేదు.

కాసేపు ఇద్దరి తెడ్లూ టకటకా కొట్టుకున్నాయి. ఆమె తెడ్డు లేపినప్పుడల్లా నీళ్ళు అతని మొహాన పడ్డాయి. "సంసారంలో ఎటూ నీ మాటే, తెడ్డయినా నాతో కలిపి వెయ్యి," అని విసుక్కున్నాడు. తీరం దూరమయ్యేసరికి ఒకళ్ళ ఊపు ఒకళ్ళకి తెలిసింది. చుట్టుపక్కల మరో పడవ లేదు.

ఊళ్ళోవాళ్ళని మొహం కన్నా మెడ చూసే ముందు గుర్తుపడతాడతను. పోస్టుమ్యాన్ మెడ మీద పుట్టుమచ్చ రంగు మారిందని కనిపెట్టింది అతనే. ఆస్పత్రికి వెళ్ళొచ్చేదాకా నీకు క్రాఫు చెయ్యనని మొండికేశాడు. ఆ పోస్టుమ్యాన్ ఇప్పటికీ సైకిలు తొక్కుతూ ఉత్తరాలు పంచుతున్నాడు. కానీ షాపు కత్తెర ఇంట్లోవాళ్ళ తల మీద పెట్టకూడదని తండ్రి పెట్టిన నియమం. అందుకని భార్య జుట్టు ఏనాడూ ముట్టుకోలేదు. ఆమె ముడి ఎప్పుడూ మెడ మీదికి జారి ఉండేది.

ఇవాళ నడినెత్తిన బిగించి చుట్టుకుంది. ఎడమ చెవి వెనక, జుట్టు మొదలయ్యే చోట, ఉసిరికాయంత గడ్డ. పైన చర్మం నున్నగా మెరుస్తోంది. అతని తెడ్డు ఆగిపోయింది.

"చూశారా?" అంది ఆమె, తల తిప్పకుండా.

అతనికి భయం వేసింది. అంతకన్నా ఎక్కువగా సిగ్గేసింది.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి. షాపు మూసేశాక మీరు నూనె సీసా పట్టుకుని కూర్చుంటే నాకు నోరు రాలేదు. చెప్పకుండానే చూస్తారు కదా అని ముందు కూర్చున్నా. డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడాను. గురువారం రమ్మంది. తోడు ఎవర్నీ రానివ్వరట."

అతను మిగతా దూరమంతా ఒక్కడే తెడ్డు వేశాడు.

ఇసుకలో పడవ అంచు మీద ఆమె జాకెట్ విప్పి కూర్చుంది. ముడిలోంచి అయిదు పిన్నులు ఒక్కొక్కటే తీసి జాకెట్ జేబులో వేసి జిప్పు లాగింది. "అక్కడ ఆపరేషన్‌కి ఎలాగూ గొరుగుతారట. ముందు మీ చెయ్యి పడనివ్వండి. మీ నాన్నగారికి నేను చెప్పుకుంటాలే."

మెడకి తువ్వాలు చుట్టి మొదలుపెట్టాడు. గడ్డ చుట్టూ వేళ్ళు అడ్డం పెట్టుకుంటూ, గంటసేపు, పెళ్ళికొడుక్కి చేసినంత శ్రద్ధగా కత్తిరించాడు. నెరిసిన జుట్టు ఇసుక మీద పడి గాలికి కొంచెం కొంచెంగా కదిలింది.

"బావుందా?" అని అడిగింది.

"పదేళ్ళు తగ్గావు."

"అబద్ధాలు షాపులో చెప్పుకోండి," అని నవ్వి డబ్బా మూత తీసింది. ఇద్దరూ ఒకే డబ్బాలో తిన్నారు. ఎండ వాలుతుండగా తిరిగొచ్చి జాకెట్లు అప్పగించారు. కురచ జుట్టుకి పిన్నులతో పనేముంది, జేబులో వేసిన సంగతే ఇద్దరికీ గుర్తు రాలేదు.

గురువారం ఆస్పత్రి గేటు దగ్గర కాపలాదారు అతన్ని ఆపేశాడు. ఆమె సంచి పట్టుకుని లోపలికి నడిచింది. మెడ వెనక తను తీసిన గీత తిన్నగా ఉండటం మలుపు తిరిగేదాకా చూశాడు. పందొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగిందట, ఆస్పత్రిలోనే ఆ మహమ్మారి జ్వరం అంటుకుందట. గాజు తలుపు ఇవతలి నుంచి చివరిచూపు చూడనిచ్చారు.

వారం తర్వాత అతను ఆమె బీరువా సర్దుతుంటే దువ్వెన దొరికింది, రిబ్బన్లు దొరికాయి, పిన్నులు దొరకలేదు. ఎక్కడున్నాయో గుర్తొచ్చి చెప్పులేసుకున్నాడు. మళ్ళీ ఆంక్షలు పెట్టడంతో పడవల షెడ్డుకి తాళం వేసి ఉంది. కిటికీ అద్దానికి నుదురు ఆనించి చూశాడు. లోపల, గోడ మేకుకి ఏడో నంబరు జాకెట్ వేలాడుతోంది, జేబు జిప్పు ఆమె లాగినట్టే మూసి ఉంది.