పిల్ల నీళ్లలో దిగిన ఆదివారం

పాలిష్ మేస్త్రి చెయ్యి పడితే ఎంత పాత బల్లలోనైనా ముఖం చూసుకోవచ్చు. అంతటి చెయ్యీ కన్నకూతురికి మాత్రం గిట్టదు.

మూడో నెలలో పిల్లకి ఆయాసం వచ్చినప్పుడు డాక్టరమ్మ అతని చొక్కా వాసన చూసి, "ఈ స్పిరిటూ వార్నిషూ కొన్నాళ్లు పాప దగ్గరికి రానివ్వకండి" అంది. అప్పట్నుంచి పని నుంచి రాగానే బట్టలు బాల్కనీలోనే విడిచి, చర్మం ఊడొచ్చేలా రుద్దుకుని స్నానం చేశాకే గదిలో అడుగుపెట్టేవాడు. ఏం లాభం? ఆయాసం తగ్గింది గానీ పిల్ల బెట్టు తగ్గలేదు. నాన్న చేతులు చాచగానే ముక్కు ముడిచేది, తల అటు తిప్పుకునేది, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది. అతను గుమ్మం దగ్గర కూర్చుని, భార్య ఒళ్లో ఆడుకునే పిల్లని చూస్తూ అన్నం తినేవాడు. ఎనిమిదో నెల వచ్చినా ఒక్కసారీ కూతుర్ని భుజాన వేసుకుని నిద్రపుచ్చింది లేదు. పైకి నవ్వేసేవాడు గానీ ఆ ఒక్క కోరికా లోపల అతన్ని తినేస్తూ ఉండేది.

మరదలు స్విమ్మింగ్ పూల్‌లో ఈత నేర్పుతుంది. అక్కడ ఆదివారాలు పసిపిల్లల క్లాసు మొదలుపెట్టారు. అమ్మో నాన్నో పిల్లతో పాటు నీళ్లలో దిగి తీరాలి. అక్కకేమో చెవిపోటు, నీళ్లు తగలకూడదు. "ఇక నువ్వే దిక్కు బావా" అంది మరదలు ఫోన్‌లో. వారమంతా మేస్త్రి కాలు నేల మీద నిలవలేదు.

పూల్ గేటు దాటగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. మేస్త్రి కొత్త నిక్కరులో పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ వచ్చి చేతులు చాచాడు. పిల్ల ఒకసారి ముక్కు ఎగబీల్చి బావురుమంది.

మరదలు అతని చెయ్యి పట్టుకుని వాసన చూసింది. "చేతులు దేంతో కడిగావు బావా?"

"స్పిరిట్‌తో" అన్నాడు నసుగుతూ. "గోళ్లలో మరకలున్నాయి. పదిమందిలో పిల్లకి నామోషీగా ఉంటుందని..."

మరక కనిపిస్తే పాలిష్ పనివాడి చెయ్యి స్పిరిట్ గుడ్డ మీదికే పోతుంది. అందులో ఆలోచనేమీ ఉండదు.

"సబ్బు అనేది ఒకటుంటుందండీ" అంది భార్య. కోపంగానే మొదలుపెట్టింది గానీ అతని ముఖం చూసి గొంతు తగ్గించింది. "పోదాం పదండి. దాన్నెందుకు ఏడిపించడం."

మేస్త్రి సరేనని తలూపాడు.

మరదలు ఊరుకునే రకం కాదు. "ఎవరూ ఎక్కడికీ పోవట్లేదు. బావా, ముందు నువ్వు దిగి నాను."

"ఎంతసేపు?"

"శనగలు నానినంతసేపు. దిగు."

నడుములోతు నీళ్లలో మేస్త్రి గట్టు కమ్మీ పట్టుకుని గడ్డం దాకా మునిగి కూర్చున్నాడు. చుట్టూ తండ్రులు పిల్లల్ని ఎగరేస్తున్నారు, పొట్టల మీద ముద్దులు పెడుతున్నారు. చూస్తుంటే కడుపు నిండినట్టూ ఉంది, మండినట్టూ ఉంది.

వేళ్లు ముడతలు పడ్డాక మరదలు పిల్లని తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. పిల్ల ముక్కు ఎగబీల్చింది. పిన్ని దగ్గరా అదే బ్లీచింగ్ వాసన, పక్క పిల్లల దగ్గరా అదే, నాన్న దగ్గరా అదే. ఏడుద్దామంటే సాకు దొరక్క కాసేపు ఆలోచనలో పడింది. అంతలో పాదాలకి నీళ్లు తగిలేసరికి ఉలిక్కిపడి, రెండు చేతులతో నాన్న మెడ వాటేసుకుంది.

ఇన్నాళ్లూ దూరం నుంచి చూసిన చేతులు అవి. ఇంత గట్టిగా పట్టుకుంటాయని అతను అనుకోలేదు. కాసేపటికి పిల్ల కాళ్లు టపటపా కొట్టింది, మీసం పట్టి లాగింది, నోట్లో వేలు పెట్టి నాన్న పళ్లు తడిమింది. మేస్త్రి ఏడ్చాడు. ముఖం ఎలాగూ తడిసే ఉంది కాబట్టి పరువు దక్కింది.

క్లాసు అయి ఒడ్డెక్కేసరికి పిల్ల అతని భుజం మీదే నిద్రపోయింది. భార్య ఇద్దరికీ తువ్వాలు కప్పి, "దాన్ని ఇటివ్వండి. షవర్ కింద కడుక్కుని రండి, ఒళ్లంతా బ్లీచింగ్ కంపు" అంది.

"ఉండనీ."

"జలుబు చేస్తుందండీ."

"చెయ్యనీ."

మేస్త్రి ప్లాస్టిక్ కుర్చీలో మెడ కూడా కదపకుండా కూర్చున్నాడు. రేపు పొద్దున్నే పనికి పోవాలి. పెద్ద భోజనబల్ల ఒకటి వార్నిష్‌కి సిద్ధంగా ఉంది.

"నేను ఒళ్లు కడుక్కోకుండా ఉంటే, ఈ వాసన వచ్చే ఆదివారం దాకా ఉంటుందా?" అని మరదల్ని అడిగాడు.

మరదలు తల వంచుకుని ఈత ట్యూబులు ఒక్కొక్కటే సర్దసాగింది.