మారిట్ కూతురు

ఎర్రనది కరకట్ట దాటి మా ఊళ్లోకొచ్చిన వరద తర్వాత రెండో ఏడు. నేను బడి బస్సు నడిపేవాణ్ణి. ఆ చలికాలం, నా బస్సులో బడికొచ్చే సోల్వేగ్ అనే పిల్ల వాళ్లమ్మ మారిట్ చనిపోయింది. పిల్ల నా వెనక సీట్లో కూర్చునేది. తనూ మాట్లాడేది కాదు, నేనూ మాట్లాడేవాణ్ణి కాదు. మా ఊళ్లో చావు జరిగితే ఆ ఇంటికి వేడి వంటకం పంపిస్తాం, పోయినవాళ్ల పేరు మాత్రం ఎత్తం. అదే మర్యాద అనుకుంటాం.

ఓ రోజు బడివాళ్లు అక్కడ పనిచేసే మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, పట్నం నుంచి వచ్చినావిడ చేత చెప్పించారు. పిల్లల దగ్గర పోయినవాళ్ల పేరు దాచొద్దు, గుర్తున్నది చెప్పమంది. నేను పట్టించుకోలేదు. బడి వంటావిడ వెర్నా పట్టించుకుంది. ఇక మధ్యాహ్నం సోల్వేగ్ ఆవిడ పక్కనే. బస్సెక్కినా "వెర్నా చెప్పింది, మా అమ్మ..." అని అదే మాట. మారిట్‌ని చిన్నప్పుడు నా బస్సులో రోజూ బడికి తెచ్చింది నేను, వెర్నా కాదు.

"మారిట్ గురించి నీకేం తెలుసు?" అన్నాను వంటగది గుమ్మంలో.

"నీకు తెలిస్తే నువ్వే చెప్పవయ్యా హాల్వర్. నీ నోటికి తాళం నేనేశానా?" అంది గిన్నె తోముతూ.

మర్నాడు పొద్దున సోల్వేగ్ ఎక్కాక బండి కదపలేదు. "మీ అమ్మ మారిట్ ఓసారి కోటులో కోడిపిల్లని దాచుకుని నా బస్సెక్కింది," అన్నాను.

"ఏం రంగుది?" అంది.

గుర్తున్నదంతా చెప్పి, అప్పుడు కదిలాను.