మూత కింద కూర్చునేదెవరు

ఏ ఇంట్లోనైనా మామగారికీ కోడలికీ మాట పట్టింపు వస్తే కాఫీలో చక్కెర తక్కువైందనో, టీవీ మోత ఎక్కువైందనో వస్తుంది. ఈ ఇంట్లో మాత్రం గోతిలో ఎవరు కూర్చోవాలన్న దాని మీద వచ్చింది. నేనంటే నేనని ఇద్దరూ పట్టుపట్టారు. వినేవాళ్లకు నవ్వొస్తుంది గానీ, కోడలికి ఆ రెండు రోజులూ నవ్వు రాలేదు.

సంగతి మొదటినుంచీ చెప్పుకోవాలి. ఆ ఇంటికి ఆనుకుని ఒక వర్క్‌షాపు ఉంది. నేల కింద ఉండే గదులకు ఇనప మూతలు, ఆ గదుల్లోకి దిగడానికి నిచ్చెనలు, ఇవే అక్కడ చేసే సరుకు. రోడ్ల కింద పంపులుంటాయి, కరెంటు పెట్టెలుంటాయి, మనం వాటి మీదుగా ఏమీ ఎరగనట్టు నడిచిపోతుంటాం. నది పొంగి వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచిన రోజున ఆ గదులు మునిగాయా, ఇక ఊరంతా చీకటే. అందుకని మూత చుట్టూ రబ్బరు పట్టీ వేసి బిర్రుగా బిగిస్తారు. చిక్కల్లా నిచ్చెనతోనే. దిగే మనిషి పట్టుకోవాలంటే నిచ్చెన నేల పైకి నడుమెత్తున ఉండాలి. మూత పడాలంటేనేమో అది నేల పైన అంగుళం కూడా కనిపించకూడదు. కాబట్టి నిచ్చెన పైభాగం లోపలికి జారిపోయేలా చేస్తారు. మూత తీసి పైకి లాగితే టక్కుమని నిలబడుతుంది, మీట నొక్కితే కిందికి దిగిపోతుంది. వర్క్‌షాపులో దాన్ని తాబేలు అంటారు, జారే భాగాన్ని మెడ అంటారు.

మామగారు ఈ పనిలో తల నెరిసిన మనిషి. ఆయన పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. కొత్త మూత బిగించిన రోజున చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, ట్యాంకరు తెప్పించి, మూత మీద చిన్న చెరువంత నీళ్లు గంటసేపు నిలబెడతారు. ఆ గంటా మూత చేసిన మనిషి కింద కూర్చోవాలి. ఊరి ఇంజనీర్లకు ఈ పద్ధతి ఎంత నచ్చిందంటే, మూతలకు పేర్లు కూడా అలాగే పడ్డాయి. ఎవరు కింద కూర్చుంటే అది వాళ్ల మూత. ఇప్పటిదాకా ఊళ్లో బిగించినవన్నీ పెద్దాయన మూతలే.

కోడలు ఈ ఇంటికి వచ్చేనాటికి ఆమెకు వెల్డింగ్ రాడ్డుకూ కర్టెన్ రాడ్డుకూ తేడా తెలియదు. భర్త మంచివాడే. ఫోన్లు మాట్లాడతాడు, సరుకు తెస్తాడు, బండి నడుపుతాడు. కానీ నిప్పురవ్వ కనిపిస్తే ఆమడ దూరం, నేల కింద గది అంటే రెండామడలు. మంచం కిందికి పోయిన చెప్పును కూడా చీపురుతో లాక్కునే రకం. అలాంటి పరిస్థితిలో ఒకరోజు మామగారికి చెయ్యి ఖాళీ లేక, "అమ్మాయ్, ఇది కాస్త పట్టుకో" అని ఇనప కడ్డీ ఒకటి కోడలి చేతికిచ్చారు. ఆ పట్టుకోవడం పట్టుకోవడం ఆమె మళ్లీ వదల్లేదు. ఏడాది తిరిగేసరికి అతుకులు వెయ్యడం మొదలుపెట్టింది. మామగారు వాటిని వేలితో తడిమి చూసి "ఊఁ" అనేవారు. బాగుందని అంటే నోటి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవారు.

ఈసారి నది ఒడ్డున పంపు గదికి మూత, నిచ్చెన మొత్తం ఆమే చేసింది. కొలత ఆమెది, కోత ఆమెది, అతుకు ఆమెది. మెడ దించడానికి ఆమె వేసిన మీట కొత్త రకం, ఒంటి చేత్తో నొక్కొచ్చు. మామగారు మోకాళ్ల నొప్పులతో స్టూలు మీద కూర్చుని చూశారు, అప్పుడప్పుడు "ఊఁ" అన్నారు, అంతే. కాబట్టి కింద కూర్చోవలసింది తనేనని కోడలు ఎప్పుడో లెక్క వేసుకుంది. ఊళ్లో ఒక్కదాన్నయినా కోడలి మూత అనాలి. ఆమెకు కావలసింది అదే, అందులో పిసరు తగ్గినా ఒప్పుకునేది లేదు.

పరీక్షకు ముందురోజు మామగారు కాఫీ కప్పు కింద పెట్టి, "రేపు నేను దిగుతాను" అన్నారు.

"మీరెందుకు మామయ్యా?" అంది కోడలు. "చేసినవాళ్లే కూర్చోవాలని పెట్టింది మీరే కదా."

"పెట్టాను."

"మరి ఇది చేసింది నేను."

"చేశావు."

"అయితే దిగాల్సింది నేనే."

"ఇవాళ మోకాళ్లు బాగానే ఉన్నాయి" అన్నారాయన, ఎవరో అడిగినట్టు.

అత్తగారు ఇద్దరి వంకా చూసి, "గోతిలో కూర్చోవడానికి ఇంత పోటీ ఏమిటే తల్లీ, అక్కడ సింహాసనమేమైనా వేశారా" అంది. ఎవరూ నవ్వలేదు.

కోడలికి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పెద్దాయన మూతల వరసలో ఇది కూడా చేరిపోవాలని ఆయన ఆశ కావచ్చు. లేదా ఆమె పని మీద గురి లేక, ఎక్కడైనా తేడా వస్తే తనే చూసుకుందామని దిగుతుండవచ్చు. రెండోది తలుచుకుంటే ఆమెకు మరీ కడుపు మండింది. పక్కన భర్త ఒళ్లు మరిచి నిద్రపోతుంటే ఆ మంటలో కొంత అతని మీదికి కూడా మళ్లింది.

తెల్లారాక బయల్దేరబోతుంటే ఆ భర్తే వచ్చి, "రబ్బరు పట్టీ ఒకటి ఎక్కువ ఉంటే మంచిది, వర్క్‌షాపులో తలుపు వెనకాల ఉంటుంది, తెస్తావా? నేను నాన్నని తీసుకుని మెల్లగా వెళుతుంటాను" అన్నాడు. కోడలు నమ్మింది. తలుపు వెనకాల పట్టీ లేదు. బీరువా మీద లేదు. పెయింటు డబ్బాల వెనక దొరికేసరికి ఆమెకు ఒంటినిండా దుమ్ము. దాన్ని భుజానికి తగిలించుకుని నది ఒడ్డుకు పరుగున వెళితే అక్కడ ఇసుక బస్తాల మధ్య నీళ్లు నిండుగా నిలిచి ఉన్నాయి. ట్యాంకరువాడు పైపు చుట్టేస్తున్నాడు.

"మామయ్య ఏరీ?" అంది.

భర్త తన చెప్పుల వంక చూసుకున్నాడు. "కింద."

"మెడ ఎవరు దించారు?"

"నాన్న నొక్కమన్నారు" అని నీళ్లు నమిలాడు. "నీ మీట భలే ఉందే, నిజంగానే ఒంటి చేత్తో దిగిపోయింది."

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. పదిమందిలో ఏమీ అనలేక రబ్బరు పట్టీ అతని మెడలో వేసి వెళ్లి ఇసుక బస్తా మీద కూర్చుంది. తను చేసిన మూత కళ్లెదుట నీళ్ల అడుగున ఉంది. దాని కింద ఇంకొకరు కూర్చుని ఉన్నారు. అంతకన్నా అన్యాయం ఆమెకు ఆ పూట ఇంకేదీ తోచలేదు.

పరీక్ష చూడడానికి వచ్చిన ఇంజనీరమ్మ రబ్బరు బూట్లతో అటూ ఇటూ తిరుగుతూ హుషారుగా ఉంది. గదిలోకి గాలి పోవడానికి మూత పక్కనే మనిషెత్తు గొట్టం ఒకటి నిలబెట్టి ఉంది. ఆమె అప్పుడప్పుడు స్పానరుతో ఆ గొట్టాన్ని టంగుమని కొట్టేది. కింద బాగానే ఉందనడానికి గుర్తుగా లోపలినుంచి తిరిగి టంగుమనేది. కాసేపు ఈ జవాబులు బాగానే సాగాయి. ఆ తర్వాత కొడితే పలుకు లేదు. మళ్లీ కొట్టింది, ఇంకాస్త గట్టిగా కొట్టింది, ఉలుకూ పలుకూ లేదు.

ఇంజనీరమ్మ గొట్టానికి చెవి ఆనించింది. ఆమె మొహంలో హుషారు పోయింది. "లోపల గుర్రు గుర్రుమంటోంది. నీళ్లు దిగుతున్నట్టున్నాయి" అంది.

ట్యాంకరువాడు కూడా చెవి పెట్టాడు. "నా ట్యాంకరు ఖాళీ అయ్యేటప్పుడు అచ్చం ఇదే చప్పుడు మేడం."

భర్త కూడా విని, "ఈ చప్పుడు ఎక్కడో విన్నట్టుంది" అన్నాడు. అతని మాట ఎవరూ చెవిన వేసుకోలేదు.

కోడలు బస్తా మీదనుంచి లేచింది. ఏ అతుకు వదిలింది? రెండోసారి గ్రైండరు పట్టిన ఆ మూలదా? రబ్బరు పట్టీ కింద ఇసుక రేణువేదైనా ఇరుక్కుందా? కోడలి మూత అన్న మాట ఇప్పుడు ఎవరైనా అంటే చెవులు మూసుకునేదే. ఆ మోకాళ్లతో ఆయన నీళ్లలో నిలబడి ఉంటారన్న ఊహ ఒక్కటే ఆమె బుర్రలో తిరిగింది. ఎవరినీ అడక్కుండా ఇసుక బస్తాలు పట్టి లాగేసింది. చెరువంతా ఒక్కసారిగా వాళ్ల కాళ్ల మీదుగా రోడ్డెక్కింది. ఇంజనీరమ్మ ఒక పక్క, ట్యాంకరువాడు ఒక పక్క బోల్టులు విప్పారు. మూత లేచింది. మంచం కిందికి కూడా తొంగి చూడని భర్త బురదలో బోర్లా పడుకుని గోతిలోకి తల పెట్టి, "నాన్నా" అని కేకేశాడు.

కోడలు నిచ్చెన మెడ పైకి లాగింది. టక్కుమని నిలబడగానే చరచరా దిగిపోయింది.

కింద బల్బు వెలుగుతోంది. పంపు పక్కన చెక్క బల్ల మీద మామగారు తువ్వాలు మడిచి తల కింద పెట్టుకుని వెల్లకిలా పడుకుని ఉన్నారు. చెప్పులు బల్ల పక్కన బుద్ధిగా జత కూడి ఉన్నాయి. నోరు తెరుచుకుని ఉంది. ఆ నోట్లోంచి గుర్రు గుర్రుమని గదంతా అదిరేలా వస్తోంది.

"ఆ, అదే" అన్నాడు భర్త పైనుంచి. "నాన్న గురక. ఇందాకటినుంచీ నాలుక చివరే ఉంది."

కోడలు మళ్లీ నిచ్చెన ఎక్కి మూత చట్రం లోపలి వైపు చుట్టూ తడిమింది. పొడిగా ఉంది. మూలల్లో తడిమింది. పొడిగా ఉంది. దిగి పంపు మీద చెయ్యి పెట్టి చూస్తే వేళ్లకు దుమ్ము అంటుకుంది. అప్పుడు కింది మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ముందు కోపాన్ని పంపించింది.

"మామయ్యా, గొట్టం కొడితే పలకరేం? పైన మా ప్రాణాలు పోయాయి."

ఆయన కళ్లు తెరిచి, పైన వెలుతురు చూసి, "అప్పుడే గంటైందా?" అన్నారు. తర్వాత ఆమె మొహం చూసి లేచి కూర్చున్నారు. "కాస్త కన్నంటుకుందమ్మా. చల్లగా ఉంది, చప్పుడు లేదు. ఇంట్లో మీ అత్తయ్య ఎక్కడ పడుకోనిస్తుంది?"

ఇద్దరూ పైకి వచ్చారు. ఇంజనీరమ్మ ముందు బాగా నవ్వింది. తర్వాత తడిసిన రోడ్డునూ ఖాళీ ట్యాంకరునూ చూసి తల గోక్కుంది. "పరీక్ష సగంలో ఆగింది. నేను సరేనన్నా పైవాళ్లు ఒప్పుకోరు. ఇంకో ట్యాంకరు రమ్మంటాను. ఈసారి దిగేదెవరు?"

"నేను" అంది కోడలు.

మామగారు అప్పటికే నిచ్చెన మెడ పట్టుకుని ఒక కాలు మెట్టు మీద పెట్టారు. "నేనే. మంచి నిద్రలో లేపారు" అన్నారు.

ఇక కోడలు దాచుకోలేదు. "మామయ్యా, ఊళ్లో ఉన్నవన్నీ మీ మూతలే. ఇదొక్కటి నాకు వదిలెయ్యండి. నా పని మీద మీకు గురి లేకపోతే ఆ మాటే చెప్పండి, అంతేగానీ ఇలా లాక్కోకండి" అంది. భర్త మెడలోని రబ్బరు పట్టీని సవరించుకున్నాడు.

ఇంజనీరమ్మ సర్దిచెప్పబోయింది. "పోనీలేమ్మా. పెద్దాయనకు తన మూత మీద అంత ధీమా. లేకపోతే అలా గుర్రు పెట్టి నిద్రపోతారా?"

మామగారు దిగబోతున్నవారు ఆగారు.

"నా మూత కింద నాకు నిద్రెక్కడిదమ్మా?" అన్నారు. "ఇన్నేళ్లు కూర్చున్నాను, ఒక్కనాడు నడుం వాల్చలేదు. ఏ మూలనుంచి చుక్క పడుతుందోనని తలెత్తి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఎక్కడ ఏ అతుకు మనసుకు నచ్చకుండా పడిందో చేసినవాడికి తెలుస్తుంది కదా. ఇంటికెళ్లాక రెండ్రోజులు మెడ తిరిగేది కాదు, కావాలంటే మా ఆవిడనడగండి. చేసినవాడే కూర్చోవాలని ఎందుకు పెట్టాననుకున్నారు? నా మూత కింద కూర్చోవడానికి ఇంకో మనిషి దొరక్క."

ఆయన కోడలి వంక చూడకుండా నిచ్చెన వంకే చూస్తూ, "ఈ పిల్ల చేస్తుంటే మొదటినుంచీ పక్కన కూర్చుని చూశాను. ఇది మా కోడలి మూత. అందుకే పడుకున్నాను" అన్నారు. అని ఒక్కో మెట్టూ చూసుకుంటూ కిందికి దిగిపోయారు.

కోడలు అలాగే నిలబడిపోయింది. ఎన్నాళ్లనుంచో దిగాలనుకున్న గొయ్యి ఎదురుగా తెరిచే ఉంది, ఆమెకు దిగాలనిపించలేదు.

ఇంజనీరమ్మ ఫోను మోగింది. రెండో ట్యాంకరువాడికి దారి తెలియడం లేదట. "నది ఒడ్డునేనయ్యా. పంపు గది" అంది ఆమె. "అదే, కోడలి మూత దగ్గరికి వచ్చెయ్."

కోడలు మీట నొక్కి మెడ దించింది. మూతను రెండు చేతులా పట్టుకుని చప్పుడు కాకుండా వేసింది. బోల్టులు తనే బిగించి, ఇసుక బస్తాలు మళ్లీ చుట్టూ పేర్చింది. రెండో ట్యాంకరు వచ్చి పైపు విప్పుతుంటే దగ్గరికి వెళ్లింది.

"మెల్లగా వదులు అన్నా" అంది. "కింద మా మామయ్య పడుకున్నారు."