పాకం పోసిన కోడి

అత్తగారు హోటల్లో భోజనం పెట్టిస్తానన్నప్పటి నుంచీ కోడలి మనసు మనసులో లేదు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ బయటి తిండిని మెచ్చుకోగా ఒక్కసారీ వినలేదు. పైగా "మనిద్దరమే వెళ్దాం, మావాడికి చెప్పకు" అనేసరికి ఇందులో ఏదో మతలబు ఉందని తేలిపోయింది.

అనుమానించడం కోడలికి కొత్తేమీ కాదు. మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ అమ్మే దుకాణంలో, వాపసు వచ్చిన సరుకు చూసే బల్ల దగ్గర ఆమె ఉద్యోగం. "దానంతటదే ఆగిపోయిందండీ" అని అమాయకంగా మొహం పెట్టేవాళ్ళ ముందే మిక్సీని తలకిందులు చేసి, లోపలికి నీళ్ళు పోయాయో, కింద పడేశారో పట్టేస్తుంది. అలాంటి మనిషికి ఇంట్లో జరిగేది కనిపించకుండా ఉంటుందా? ఈమధ్య అత్తగారు రోజూ పొద్దున్నే నడకకని వెళ్ళి మధ్యాహ్నం దాకా రావడం లేదు. వచ్చాక ఆవిడ దగ్గర ఏదో తీపి వాసన. అడిగితే "కాస్త గాలి మారుతుందని" అంటుంది.

'కూతురి ఇంటికి మకాం మార్చేస్తుందేమో. ఆ మాట చెప్పడానికే ఈ విందు' అనుకుంది కోడలు. అదే జరిగితే, వదినే మా అమ్మని వెళ్ళగొట్టిందని ఆడపడుచు అందరి దగ్గరా టముకు వేసేస్తుంది.

హోటల్ చిన్నదే. అద్దం తలుపు, ఎర్ర రెక్సిన్ కుర్చీలు, వంటింటికీ హాలుకూ మధ్య ఊగే తలుపు. లోపలికి అడుగు పెట్టగానే వడ్డించే అమ్మాయి "రండి ఆంటీ!" అంటూ ఎదురొచ్చింది. మెనూ కోడలి చేతికి మాత్రమే ఇచ్చింది. అత్తగారు దాన్ని కూడా లాక్కుని పక్కన పెట్టేసింది.

"చికెన్ వాఫుల్ ఒకటి" అంది.

"ఒకటేనా? మీరు తినరా అత్తయ్యా?"

"నాకు ఆకలి లేదు. నువ్వు తిను."

ఆవిడ తినకుండా తనచేత తినిపించడమెందుకు? కోడలు మంచినీళ్ళ గ్లాసు కూడా ఒకసారి వెలుతురుకి పెట్టి చూసుకుంది.

పళ్ళెం వచ్చింది. అడుగున గళ్ళుగళ్ళుగా, జాలీ కిటికీని కోసి కాల్చినట్టున్న మందపాటి రొట్టె. దానిమీద కరకరలాడేలా వేయించిన కోడి ముక్కలు. అక్కడితో ఆగినా బాగుండేది. వడ్డించే అమ్మాయి చిన్న గిన్నెలోంచి బెల్లం రంగు పాకాన్ని వాటిమీద ధారగా పోసింది.

"అయ్యో, ఏంటిది! కోడి మీద పాకం పోశావేంటమ్మా? వేరే వాళ్ళ స్వీటు తెచ్చేసినట్టున్నావు."

"ఇది ఇంతేనండీ" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది ఆ అమ్మాయి.

అత్తగారు మాత్రం నవ్వలేదు. రెండు చేతులూ బల్లమీద పెట్టి, పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తున్న పిల్లలా కోడలి నోటివంకే చూస్తోంది.

కోడలు ముందు పాకం తగలని మూల వెతికి కోడిని కొంచెం కొరికింది. కారం, కరకర, లోపల మెత్తదనం. వంక పెట్టడానికి ఏమీ లేదు. తర్వాత రొట్టె ముక్క విడిగా తింది. ఇక తప్పదన్నట్టు రెండూ కలిపి, పాకంలో అద్ది నోట్లో పెట్టుకుంది. ఉమ్మేయాల్సి వస్తుందేమోనని కాగితం రుమాలు దగ్గర పెట్టుకుంది కూడా. కారం నాలుక మీద చురుక్కుమనేలోగా తీపి వచ్చి దాన్ని చల్లార్చింది. ఆశ్చర్యంగా, చెయ్యి దానంతటదే రెండో ముక్క అందుకుంది.

"ఎలా ఉంది?" అత్తగారి గొంతు సన్నగా వచ్చింది.

"కోడి బ్రహ్మాండం. కింద రొట్టెలోనే ఉప్పు చాల్లేదు. అంత తీపి పడుతున్నప్పుడు పిండిలో ఇంకాస్త ఉప్పు తగలాలి. అడుగు కూడా మెత్తబడిపోయింది, ఇంకొంచెంసేపు కాలాల్సింది."

అత్తగారు చివాల్న లేచి, ఊగే తలుపు తోసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. 'నా మాట పట్టుకుని వంటవాళ్ళతో గొడవకి దిగుతుందా ఏంటి!' బయటికి ఈడ్చుకొద్దామని లేచేలోపే లోపలినుంచి మాటలు వినబడ్డాయి.

"చెప్పానా, మా కోడలు పట్టేస్తుందని! ఉప్పేనట!"

కాసేపటికి అత్తగారు మరో పళ్ళెంతో వచ్చింది. నడుముకి తెల్లటి ఏప్రన్. చెంపకి పిండి.

కోడలు ఆ ఏప్రన్‌నీ పిండినీ మార్చి మార్చి చూసింది. "మీరు... ఇక్కడ..."

"పిండి కలిపేది నేనే. ఊరికే గోడలు చూస్తూ కూర్చోలేక వచ్చి అడిగాను, పనిలో పెట్టుకున్నారు. వాఫుల్ పంపితే చాలామంది సగం వదిలేస్తున్నారు. లోపం ఎక్కడుందో నాకు అంతుపట్టలేదు. ఇక్కడ ఎవర్నడిగినా బాగుందాంటీ అంటారు. మావాడైతే మట్టి పెట్టినా బాగుందమ్మా అంటాడు. మొహమాటం లేకుండా చెప్పేదానివి నువ్వొక్కదానివే. అది చూసి ఎన్నిసార్లు నాకు ఒళ్ళు మండిందో నీకు తెలీదులే."

కోడలికి నవ్వొచ్చింది, కళ్ళూ చెమ్మగిల్లాయి. కొత్త ముక్క విరిచి నమిలింది. రొట్టె ఈసారి కరకరమంది. ఉప్పు సరిపోయింది.

"ఇప్పుడు కుదిరింది" అంది. అంతలోనే మళ్ళీ కళ్ళు చిన్నవి చేసి, "ఇంతేనా అత్తయ్యా? మీ అబ్బాయికి ఈ సంగతి నాచేత చెప్పించాలని కూడా ఉందా?" అంది.

అత్తగారు ఏప్రన్ అంచు నలుపుతూ పక్కకి చూసింది. "అదీ ఉందనుకో. ఈ వయసులో పనికెళ్తున్నానంటే వాడు ఊరుకోడుగా."

"నేను చెప్పను. మీరే చెప్పండి. వాడు గొంతు పెంచితే మాత్రం, మీ పక్కన నేనుంటాను."

"మొగుణ్ణి వాడంటావేమే!"

"నోరు జారింది. ముందు మీరు కూర్చుని తినండి" అని కోడలు పళ్ళేన్ని బల్ల మధ్యకి జరిపింది.